బాదం పూయకముందే పట్టిన కత్తెర

సౌదీలో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే ద్రాక్షతోటలో అని చెప్తాను. దానికి రెండు రకాల నవ్వులు వస్తాయి. ఇసుకలో ద్రాక్ష ఎక్కడిదని ఒక నవ్వు. ఆ దేశంలో ద్రాక్ష పండించి ఏం చేసుకుంటారోయ్ అని కన్నుగీటుతూ ఇంకో నవ్వు. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పేస్తాను. నేనున్నది తాయిఫ్ కొండల మీద. జిద్దాలో జనం చొక్కాలు పిండుకుంటున్న రోజుల్లో కూడా అక్కడ సాయంత్రానికి స్వెట్టర్ వెతుక్కోవాలి. పండిన ద్రాక్షలో సగం పండుగానే అమ్ముడవుతుంది. కొంత ఎండబెడతారు. మిగిలింది పెద్ద గంగాళాల్లో మరగబెట్టి నల్లటి చిక్కటి పాకం తీస్తారు. దాన్ని దిబ్స్ అంటారు. రొట్టెకు అద్దుకుని తింటే ఇక కూర గుర్తురాదు. మీరనుకునే సరుకు మాత్రం అక్కడ సీసాలోకి ఎక్కదు.

ఆ తోట నాలుగు తరాలుగా ఒకే కుటుంబానిది. వేరే దేశాల్లో ఇలాంటి కుటుంబాలు సీసాల మీద తమ ఇంటి ముద్ర వేసుకుంటాయట. వీళ్లు పాకం డబ్బాల మీద వేసుకున్నారు, అంతే తేడా. కొండవాలును రాతిగోడలతో మెట్లుమెట్లుగా కట్టి, ప్రతి మెట్టు మీదా కర్రల పందిరి వేసి తీగలు పాకించారు. అన్నిటికంటే కింది మెట్టు మీద, బావి పక్కన నూట ఇరవై చెట్లుండేవి. అవి పెద్దాయన తాత నాటినవి. పెద్దాయన అంటే తోట యజమాని, మా వీసాలకు పూచీ ఉన్న కఫీల్. పనివాళ్లమంతా ఆయన్ను బాబా అని పిలిచేవాళ్లం.

నా సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. బస్సు కోసం నిలబడ్డా రోడ్డు పక్క గడ్డి పీకుతుంటాను. పెళ్లిపందిట్లో కూర్చోబెడితే విస్తరాకు అంచులు చింపుతుంటాను. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో ఇరవై ఏళ్లు కటింగ్ మేస్త్రీగా చేశాను. అక్కడ నాకు పేరు తెచ్చింది ఈ దురద గుణమే. మా దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కటింగులు. ఎండాకాలంలో ఒకటి కొమ్మ కోసం, అక్టోబరులో ఇంకొకటి కాయ కోసం. అక్టోబరులో ఆలస్యం చేస్తే పండూ ఆలస్యమే. అందుకని రైతు ఇంకా ఆలోచిస్తుండగానే నేను తీగ మీద కత్తెర పెట్టేసేవాణ్ని. తర్వాత ఆ తోటలన్నీ ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. చివరి తోట పీకించిన రోజు నేను కూడా కూలికి వెళ్లాను. నేను కోసి పెంచిన తీగలను నేనే గొడ్డలితో నరికి, మర్నాడు పాస్‌పోర్టుకు ఫోటో దిగాను.

తాయిఫ్‌లో మొదటి ఏడాదే నాకు ఒళ్లు మండింది. సెప్టెంబరుకు పళ్ల కోత అయిపోయింది. అక్టోబరు వచ్చింది. ఎవరూ కత్తెర తీయరు. మా ఫోర్‌మన్‌ను అడిగాను. ఆయన యెమెన్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, ద్రాక్ష పందిళ్ల కిందే పుట్టి పెరిగినవాడు. "లిస్సా" అన్నాడు. ఇంకా కాదు అని. నవంబరులో అడిగాను. లిస్సా. ఆకంతా రాలిపోయింది. లిస్సా. జనవరి చివర్లో ఒక పొద్దున బావిగట్టు మీది బాదం చెట్టు తెల్లగా పూసింది. అప్పుడు కదిలారు.

ఆ తోట ఆచారం అది. బాదం పూశాక పెద్దాయన స్వయంగా వచ్చి, బావి పక్కనున్న అన్నిటికంటే ముసలి చెట్టుకు మొదటి కోత కోస్తాడు. ఆ పుల్లలతోనే పొయ్యి రాజేసి టీ కాస్తారు. యజమాని, ఫోర్‌మన్, డ్రైవరు, కూలీలు, అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని తాగుతారు. ఆ తర్వాతే మిగతా చెట్ల మీద కత్తెర పడుతుంది.

నేను లోలోపల నవ్వుకున్నాను. పని ఎగ్గొట్టడానికి పెద్దింటివాళ్లు పెట్టుకున్న ముచ్చట అనుకున్నాను. మా డ్రైవరుతో ఆ మాటే అన్నాను. డ్రైవరు కడప జిల్లా మనిషి. తోటలో నాకు తెలుగు వినిపించే ఒకే ఒక్క నోరు అతనిది.

"నీ చేతులు కట్టేయల్లన్నా," అన్నాడు. "వాళ్ల తోట, వాళ్ల చెట్టు. బాదం పూస్తే కోసుకుంటారు, పూయకుంటే లేదు. నీకేంటికి తొందర?"

మూడేళ్లు అలాగే పళ్లు బిగించి గడిపాను. నాలుగో ఏడు పళ్ల కోత ముగిసే సమయానికి పెద్దాయన పెద్ద కొడుకు రియాద్ నుంచి వచ్చాడు. పెద్ద ఆఫీసులో ఇంజనీరు. చెడ్డవాడు కాదు, కానీ ద్రాక్ష అంటే అతనికి పళ్లెంలో ఉన్నప్పుడే తెలుసు. కింది మెట్టును ఇస్తిరాహా చేద్దామని వచ్చాడు. అంటే వారాంతాల్లో కుటుంబాలు అద్దెకు తీసుకునే విడిది. ఈతకొలను, పచ్చిక, పిల్లలకు ఊయలలు. తాయిఫ్‌లో అప్పుడు ఏ మలుపు తిరిగినా అవే లేస్తున్నాయి. కింది మెట్టు రోడ్డుకు దగ్గర, చదునైన నేల, పక్కనే బావి.

తండ్రీకొడుకులు పందిరి కింద వాదించుకుంటుంటే నేను పైమెట్టు మీద తీగలు కడుతున్నాను.

"అవి మా తాత చెట్లు," అన్నాడు పెద్దాయన.

"ముసలి చెట్లు బాబా. ఏం కాస్తున్నాయి అవి? వచ్చే కాపు చూపించు, ఇక ఆ మాట ఎత్తను."

ఆ చెట్ల కాపు ఏటికేడు తగ్గుతున్న మాట నిజమే.

ఆ తర్వాత రెండు ప్రయాణాలు జరిగాయి. పెద్దాయన మోకాలి ఆపరేషన్‌కు జిద్దాలో కూతురింటికి వెళ్లాడు. ఫోర్‌మన్ సెలవు మీద యెమెన్ వెళ్లాడు. వెళ్లేముందు కత్తెరలన్నీ నూనె పెట్టి తుడిచి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి నా కళ్లలోకి చూశాడు. "బాదం పూసేలోపే నేను వస్తాను. అప్పటిదాకా లిస్సా," అన్నాడు.

తోట నా చేతికి వచ్చింది. అక్టోబరు కూడా వచ్చింది.

కాపు చూపించు అన్న మాట నా బుర్రలో దూరి తిరుగుతూనే ఉంది. మా దగ్గర అక్టోబరులో కోస్తే ఫిబ్రవరి, మార్చికి పండు. తాయిఫ్‌లో ఒక్క తోటలో కూడా గుత్తి లేని రోజుల్లో పెద్దాయన తాత చెట్లకు గుత్తులు వేలాడుతుంటే? పెద్దాయన కర్ర పట్టుకుని మెట్లు దిగి అది చూస్తే? కొడుకు ఇంకేం మాట్లాడతాడు? ఇందులో పెద్దాయన మీద ప్రేమ ఎంత, నా పనితనం చూపించాలన్న దురద ఎంత అన్నది నేను ఇప్పటికీ విడదీసి చెప్పలేను. అటక మీంచి కత్తెర దించాను.

ఊళ్లో చేసినట్టే చేశాను. నీళ్లు ఆపాను. ఆకు పచ్చగా ఉండగానే దూసేశాను. పది రోజుల్లో నూట ఇరవై చెట్లూ కోశాను. బావి పక్క ముసలి చెట్టును చివరికి ఉంచాను. దాని దగ్గర నిలబడి ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణమే. కోసిన పుల్లలు కుప్పగా పడి ఉంటే డ్రైవరు తల గోక్కున్నాడు.

"ముసిలాయన వచ్చినాక అడుగుతాడన్నా."

"అడిగే యాళ్లకు గుత్తులు ఏలాడుతుంటయి. అప్పుడేమడుగుతడు? నువ్వు చాయ్ పెట్టు."

ఆ పుల్లలతోనే టీ కాచుకున్నాం. బాగానే ఉంది టీ.

నీళ్లు వదిలిన మూడు వారాలకు కన్ను పగిలి చిగురు వచ్చింది. లేత చిగురు, గులాబీ అంచులతో. చుట్టుపక్కల తోటలన్నీ ఆకు రాల్చి మోడుగా ఉంటే మా కింది మెట్టు ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతోంది. దారిన పోయే పనివాళ్లు కారాపి చూసేవాళ్లు. నేను గోడ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చునేవాణ్ని. నేను కూర్చోవడమే ఒక వింత, అదీ కాలు మీద కాలు వేసి. ఊరికి ఫోన్ చేసి మా ఆవిడకు కూడా చెప్పాను, సౌదీవాళ్లకు నేను ద్రాక్ష నేర్పుతున్నానని.

డిసెంబరు చివర్లో ఆకాశం మబ్బు లేకుండా తేలిపోయింది, గాలి ఆగిపోయింది. మూడో పొద్దున మొహం కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్తే నీళ్ల మీద పొర కట్టింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. నాకు వెంటనే అర్థం కాలేదు. మా దిక్కున చలి అంటే దుప్పటి కప్పుకునే చలి, నీళ్లు గట్టిపడే చలి కాదు. చిగుళ్లను వెళ్లి చూశాను. బాగానే ఉన్నాయి, మెరుస్తున్నాయి. ఎండెక్కే కొద్దీ వేడినీళ్లు పోసిన తోటకూరలా వాలిపోయాయి. మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. పైమెట్ల మీది చెట్లకు మాత్రం ఏమీ కాలేదు. అవి నిద్రలో ఉన్నాయి. నేను లేపినవాటినే చలి పట్టుకుంది. ఫోర్‌మన్ మూడేళ్లు లిస్సా, లిస్సా అన్నది దేని గురించో ఆ మధ్యాహ్నం తెలిసింది.

తర్వాతి వారాలు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నీళ్లు పెట్టాను, ఆపాను, మళ్లీ పెట్టాను. మొదళ్లకు గోనెపట్టాలు చుట్టాను, మర్నాడు విప్పాను. తీగలు ఎండుకుంటూ వచ్చాయి. పట్టుకుని వంచితే పుటుక్కుమనేవి.

జనవరిలో పెద్ద కొడుకు వచ్చాడు. ఒక తీగ విరిచి చూసి, ఇంకొకటి విరిచి చూసి నా వైపు తిరిగాడు.

"చలికి పోయాయా?"

"అవును."

"ముసలివైపోయాయి కదా. తట్టుకోలేదు."

నేను తల ఊపాను. ఉద్యోగ జీవితంలో అబద్ధాలు చాలా చెప్పాను. మెడతో చెప్పింది అదొక్కటే. అది ఇప్పటికీ మెడ దగ్గరే నొప్పి పెడుతుంది. అతను మంచిగానే నా భుజం తట్టాడు. "నువ్వేం కంగారుపడకు. పచ్చిక చూడ్డానికి, పూలమొక్కలకు మనిషి కావాలి. నువ్వే ఉంటావు," అన్నాడు. వచ్చే గురువారం షేవల్ వస్తుందని కూడా చెప్పాడు. షేవల్ అంటే ముందు పెద్ద తొట్టి ఉండే మట్టి ఎత్తే యంత్రం.

ఆ చెట్లు చనిపోలేదని నాకు తెలుసు. మొదలు దగ్గర బెరడు గీస్తే లోపల ఇంకా పచ్చగా ఉంది. కొంత సమయం ఇస్తే కాండం అడుగునుంచి కొత్త చిగురు వేస్తాయి. కానీ ఆ మాట చెప్పాలంటే అవి ముసలితనంతో ఎండలేదని చెప్పాలి. దేనితో ఎండాయో కూడా చెప్పాలి. నోరు మూసుకుంటే చెట్లు పోతాయి, ఉద్యోగం ఉంటుంది. నోరు తెరిస్తే చెట్లకు ఒక అవకాశం, నాకు ఖురూజ్, అంటే దేశం విడిచిపొమ్మనే కాగితం. ఇంటి దగ్గర ఇద్దరు పిల్లల చదువు నా ఇకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి కార్డు, దాని మీదే నడుస్తోంది. ఏం చేయమంటావని డ్రైవరును అడిగాను.

"నోరు మూసుకోన్నా," అన్నాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "చెట్లదేముంది, నాటుకుంటారు. నిన్ను మళ్లీ నాటేవాడు యాడుండాడు?"

గురువారం పొద్దున అతనే జిద్దా నుంచి పెద్దాయనను కారులో తీసుకొచ్చాడు. చెట్లను చివరిసారి చూసుకుంటానని ఆయనే పట్టుబట్టాడట. షేవల్ అప్పటికే గోడ దగ్గర ఇంజన్ ఆన్ చేసుకుని నిలబడి ఉంది. పెద్దాయన కర్ర పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. బావి దగ్గర ఆగి బాదం చెట్టు వైపు తలెత్తి చూశాడు. అది ఇంకా పూయలేదు. ముసలి చెట్టు మొదలు మీద అరచెయ్యి ఆనించి, అక్కడే కుర్చీ వేయించుకున్నాడు.

"లోపలికి పద బాబా. ఇది చూడకు," అన్నాడు కొడుకు.

"చూడాలి. రేపు పైకి పోయాక మా తాత అడిగితే, దగ్గరుండి పీకించానని చెప్పాలి కదా."

యంత్రం కదిలింది. దాని తొట్టి పళ్లు రాతిగోడను తాకిన చప్పుడు వినగానే మా ఊళ్లో చివరి తోట పీకిన రోజు నా ముందుకొచ్చింది. ఆ రోజు కూడా నేను గొడ్డలి పట్టుకుని ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డాను. ఆ రోజు తప్పు నాది కాదు. ఈ రోజు నాదే.

"ఆగుండ్రి!" అని అరిచాను. నాలుగేళ్లలో నేర్చుకున్న అరబ్బీ అంతా ఎటుపోయిందో, నోటికి తెలుగే వచ్చింది. డ్రైవరు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. యంత్రం నడిపే మనిషికి మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. ఆపేశాడు. నేను ముసలి చెట్టు ముందు మోకాళ్ల మీద కూలబడి, చాకుతో మొదలు మీది బెరడు గీశాను. లోపల పచ్చగా, తడిగా ఉంది.

"బాబా, ఇది చావలేదు," అన్నాను నాకొచ్చిన అరబ్బీలో. "ముసలితనం కాదు. నేను కోశాను. అక్టోబరులో. అన్నీ నేనే కోశాను."

కొడుకు మొహం ఎర్రబడింది. పెద్దాయన వంగి ఆ పచ్చటి గీతను వేలితో తడిమాడు.

"ఎవరు కోయమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు."

"బాదం పూసిందా?"

"లేదు."

"పుల్లలు ఏం చేశావు?"

అది అడుగుతాడని అనుకోలేదు. "టీ కాచుకున్నాం," అన్నాను.

పెద్దాయన తలెత్తాడు. "నేను లేకుండానా?"

తిట్లు తినడం నాకు కొత్త కాదు. మేస్త్రీ పనిలో తిట్టనివాడు రైతే కాదు. కానీ ఆ రెండు మాటలకు నాకు దుఃఖం ఆగలేదు. అందరి ముందూ, మట్టిలో మోకాళ్ల మీదే ఉండి ఏడ్చాను.

కొడుకు వెంటనే ఖురూజ్ వేయించి పంపేద్దామన్నాడు. పెద్దాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "వీడు పోతే ఇవి బతికున్నాయని ఎవడు చూపిస్తాడు?" అని, ఒక గడువు పెట్టాడు. అక్కడి అత్తరు గులాబీల కోత ముగిసే నాటికి, అంటే ఏప్రిల్ చివరికి, ఏ చెట్టు చిగురిస్తే ఆ చెట్టు ఉంటుంది, ఇంక దాని జోలికి కొడుకు రాకూడదు. చిగురించని దాన్ని యంత్రం తీసుకుపోవచ్చు, దానికి తను అడ్డం రాడు. తాయిఫ్‌లో గులాబీల కాలం ఎప్పుడో తెలియనివాడు ఉండడు కాబట్టి కొడుకు తేదీ అడగలేదు. సరే అన్నాడు. తర్వాత పెద్దాయన నాకేసి చూశాడు.

"అప్పటిదాకా నీ చేతికి కత్తెర లేదు. నీళ్లు పెట్టు, చూడు. అవి లేస్తే నువ్వుంటావు. లేవకపోతే మీరంతా కలిసే వెళ్తారు."

నాలాంటివాడికి అంతకంటే పెద్ద శిక్ష ఎవరూ వేయలేరు. ఖురూజ్ కొట్టి ఉంటే విమానం ఎక్కేదాకానైనా ఏదో ఒక పని ఉండేది.

నాలుగు రోజులకే ఫోర్‌మన్ వచ్చాడు. జరిగింది డ్రైవరు చెప్పాడు. ఆయన కత్తెర తీసి తన నడుముకు కట్టుకున్నాడు, అంతే. బాదం పూసింది. కానీ ముసలి చెట్టుకు కోయడానికి బతికున్న తీగ లేదు. కాబట్టి మొదటి కోతా లేదు, పుల్లలూ లేవు. ఆ ఏడాది టీ గ్యాస్ పొయ్యి మీద కాచారు. అందరూ తాగి ఎవరి పనికి వాళ్లు లేచారు. పైమెట్లన్నీ నేను లేకుండానే కోశారు. కత్తెర టిక్కుటిక్కుమంటుంటే కిందినుంచి వింటూ కూర్చున్నాను. నా వేళ్లు ఉత్తి గాలిలో కదిలేవి.

మార్చిలో మొదటి చిగురు వచ్చింది. కాండం అడుగున, మట్టికి జానెడు పైన. నేను వేసిన కేకకు డ్రైవరు టీ ఒలకబోసుకున్నాడు. తర్వాత రోజుకు రెండు, మూడు, ఒక్కోరోజు పది. నలభై అయ్యాయి, డెబ్భై అయ్యాయి. బావి పక్క ముసలిది మాత్రం ఉలకదు, పలకదు. మిగతావన్నీ లేచి అదొక్కటి పోతే నేను పెద్దాయన మొహం ఎలా చూడను? రోజూ తెల్లవారగానే దాని మొదట్లో మట్టి వేళ్లతో తోసి చూసేవాణ్ని. మధ్యాహ్నం ఇంకోసారి. ఫోర్‌మన్ ఒకసారి పట్టుకున్నాడు.

"నిద్రపోయేవాణ్ని గంటకోసారి లేపి నిద్రపోయావా అని అడుగుతావా?" అన్నాడు. "మట్టి కప్పు. లిస్సా."

మట్టి కప్పాను. మర్నాడు మళ్లీ తీశాను.

గులాబీల కోత ఇంక మూడు రోజుల్లో ముగుస్తుందనగా, ఆ మట్టిలో నా గోటికి ఏదో మెత్తగా తగిలింది. తగలడం, విరగడం ఒకేసారి జరిగాయి. తీసి చూస్తే తెల్లటి మొలక, బియ్యపుగింజ కంటే కాస్త పొడుగు. చెట్టు అన్ని నెలలు లోపల కూడబెట్టుకుని నాకు జవాబుగా పంపిన మొలక. నా గోటితో నేనే విరిచేశాను. అక్కడే కూర్చుండిపోయాను. అక్టోబరులో చేసింది తెలియక చేశానని సర్దిచెప్పుకున్నాను. దీనికి ఏం చెప్పుకోను? దాన్ని కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాను. డ్రైవరుకు కూడా చెప్పలేదు.

గడువు రోజున ఊరంతా గులాబీ వాసన. ఆఖరి పూలబస్తాలు అత్తరు తీసే బట్టీలకు వెళ్తున్నాయి. మా దగ్గరికి షేవల్ వచ్చింది. తొంభై ఏడు చెట్లు చిగురించాయి. కొడుకు మాట తప్పలేదు, వాటి దగ్గరికి యంత్రాన్ని పోనివ్వలేదు. ఇరవై రెండు మోళ్లు లేచిపోయాయి. పెద్దాయన ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్నాడు. చివరికి బావి దగ్గరికి వచ్చారు.

"ఇది కూడా," అన్నాడు పెద్దాయనే, మాట మీద నిలబడే మనిషి కదా. కర్ర ఎత్తి ముసలి చెట్టును చూపించాడు.

నేను వెళ్లి జేబులోంచి పొట్లం తీసి ఆయన అరచేతిలో విప్పాను. మొలక ఎండి దారప్పోగులా అయింది.

"వచ్చింది బాబా. మూడు రోజుల కింద. నేను మట్టి తీసి చూస్తుంటే విరిగింది."

మొదట నవ్వింది కొడుకు. ఆపుకోలేక నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఆ మొలకను చూశాడు, నా గోళ్లు చూశాడు. భుజం మీది ఎర్రగళ్ల గుడ్డ తీసి, నా రెండు మణికట్లూ దగ్గరికి చేర్చి చుట్టి ముడి వేశాడు. గట్టిగా కాదు, చిన్నపిల్లలకు వేసినట్టు. నన్ను బావిగట్టు మీద కూర్చోబెట్టి కొడుకు వైపు తిరిగాడు.

"చెట్టు మాట తప్పలేదు. తప్పింది ఈ చేతులు. దీనికి ఇంకో నెల ఇవ్వు."

కొడుకు నా కట్టిన చేతులు చూసి, యంత్రాన్ని వెనక్కి పొమ్మని సైగ చేశాడు.

ఆ నెల నేను కింది మెట్టుకే వెళ్లలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే నా మీద నమ్మకం లేదు. పైమెట్లకు నీళ్లు పెట్టుకుంటూ గడిపాను. మూడో వారంలో ఒక పొద్దున డ్రైవరు కిందినుంచి కేకలు వేస్తూ మెట్లెక్కి వచ్చాడు.

"అన్నా! ముసిల్ది లేసిందన్నా! రెండు సిగుర్లు! రా, సూద్దువు!"

నేను వెళ్లలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, ఆ రాతిగోడ మీదే చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత పదేళ్లు ఆ తోటలోనే చేశాను. కొడుకు ఇస్తిరాహా కట్టాడు, కాకపోతే రోడ్డుకు అవతల. మోళ్లు లేచిపోయిన ఇరవై రెండు ఖాళీల్లో పెద్దాయన ఏమీ నాటనివ్వలేదు. అటు వెళ్లినప్పుడల్లా అవి నాకు కనపడుతుండాలని ఆయన ఉద్దేశం అనుకుంటాను. కనపడ్డాయి కూడా. మూడో ఏట ముసలి చెట్టుకు మొదటి గుత్తులు వచ్చాయి. పెద్దాయన పోయింది ఆ తర్వాత రెండేళ్లకు. మొన్న మొన్నటి వరకు ఫోర్‌మన్ ఉన్నాడు, ఆయనా తన దేశం వెళ్లిపోయాడు. నేనూ వచ్చేశాను. గల్ఫుకు వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి సలహా అడిగే కుర్రాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అక్కడ మీకు చాలామంది పని నేర్పుతారు. పని తెలిసిన చేతిని ఆపుకోవడం మాత్రం ఎవరూ నేర్పరు. నాకు నేర్పడానికి ఒక ముసలాయన గుడ్డతో కట్టాల్సి వచ్చింది.

పోయిన జనవరిలో వీడియో కాల్ వచ్చింది. పెద్ద కొడుకు. రియాద్ ఉద్యోగం మానేసి ఇప్పుడు తోటలోనే ఉంటున్నాడు. గడ్డం నెరిసింది. ఫోన్ పైకెత్తి బావిగట్టు మీది బాదం చెట్టు చూపించాడు. ఒక కొమ్మ చివర నాలుగు పువ్వులు. రెండో చేతిలో కత్తెర ఉంది.

"చాలా ఇవి?" అని అడిగాడు. "మొదలుపెట్టేదా?"

నాలుగు పువ్వులు పూశాయంటే పూసినట్టే కదా అనిపించింది నాకు. కుడిచేతి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఎడంచేత్తో పట్టుకున్నాను.

"లిస్సా," అన్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇంట్లో ఎవరినీ స్థిమితంగా ఉండనివ్వలేదు. రోజుకు పదిసార్లు ఫోన్ చూసుకున్నాను. పెరట్లో పీకడానికి గడ్డి కూడా మిగల్లేదు. పదో రోజు ఒక ఫోటో వచ్చింది. బాదం చెట్టు నిండా తెలుపు. దాని కింద పుల్లల పొయ్యి, చుట్టూ నేల మీద కూర్చున్న మనుషులు, అందరి చేతుల్లో టీ గ్లాసులు. ఒక్కచోట మాత్రం మనిషి లేడు, నిండు గ్లాసు మట్టిలో పెట్టి ఉంది. కింద ఒకే ఒక్క మాట రాశాడు, నీది అని.